ఒక్కరికే పథ్యం

మా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి చక్కెర బీమారి వచ్చినా, డాక్టరు చెప్పిందంతా విని, మళ్లీ నా దగ్గరికి వస్తారు. మొన్న సాయన్న అని ఒక రైతు వచ్చాడు. అరుగు మీద కూర్చొని, "మీ అన్నకు ఏం తినవెట్టినవే? ఎంత దూరం నడిపించినవ్?" అని అడిగాడు. చెప్పాను. పూటకు రెండు జొన్న రొట్టెలు, ఆకుకూర, పెసరపప్పు. పండుగనాడు కూడా వరిబువ్వ వద్దు. పొద్దు పొడవకముందే లేచి కాలువ గట్టు వెంట తూము దాకా పోవాలి, రావాలి. పోయేటప్పుడు సాయన్న నా రెండు చేతులూ పట్టుకొని, "అన్నను బతికించుకున్నవ్. పుణ్యాత్మునివి" అన్నాడు.

నిజమే. మా అన్న భోజన్న బతికే ఉన్నాడు. ఎనిమిదేండ్లుగా రోజూ నడుస్తున్నాడు. మనిషి ఇనుప గుంజలాగా ఉన్నాడు. సాయన్న పోయిన తర్వాత కూడా నేను చాలాసేపు అరుగు మీద నుంచి లేవలేదు. పుణ్యాత్ముడట.

అది పంతొమ్మిది వందల అరవై ఆరు, చెరుకు కొట్టుడు మొదలైన కార్తీకం. మా అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పొయ్యి. నా పెండ్లాం తొలికాన్పులో పోయింది. అప్పటినుంచి నాకు వండిపెట్టింది మా వదినె హన్మవ్వ. ఆమెది సిరికొండ దిక్కు అడవిపల్లె. పిల్లలు కాలేదు. అన్నకు నలభై ఐదు దాటాయి. ఆ ఏడు బతుకమ్మ పండుగ నుంచి మనిషి చిక్కిపోతూ వచ్చాడు. ఇంటి వెనక గోడమూలకు ఆయన ఒంటికి పోయి వచ్చినచోట నల్లచీమలు బారుకట్టేవి. ఎడమకాలి బొటనవేలి మీద లేచిన బొబ్బ నెల దాటినా మానలేదు.

బోధన్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దగ్గర జయరాజ్ అని కాంపౌండరు. మెథడిస్టు చర్చిలో పాటలు పాడేవాడు, సందు దొరికితే జోకులేసేవాడు. అన్న మూత్రం ఎనిమిది చుక్కలు నీలంమందులో వేసి, గాజుగొట్టాన్ని స్పిరిటు దీపం మీద కాచాడు. నీలం పచ్చగా తిరిగింది, పసుపయింది, నారింజ అయింది, చివరికి ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా అడుగున పేరుకుంది.

"భోజన్నా, మీ చెరుకుల గూడ గింత తీపి ఉండదు" అన్నాడు జయరాజ్.

అన్న నవ్వాడు. తీపి ఎక్కువుందంటే సంబరపడే అలవాటు మా చెరుకు రైతులది. డాక్టరు నవ్వలేదు.

"ఇది వచ్చి పోయే రోగం కాదు. సచ్చేదాక నీతోనే ఉంటది. అదుపుల పెట్టుకుంటే నువ్వు బతుకుతవ్. లేకుంటే ముందుగాల వేలు పోతది, తర్వాత కాలు పోతది. గోలీలు ఇస్త. గోలీలు చేసేది సగం పనే. మిగిలిన సగం తిండి, నడక." తర్వాత నావైపు తిరిగాడు. "తమ్మునివా? నీ మీద పెడుతున్న. మంచిగ పథ్యం చేయించు. రోజు నడిపియ్యి. వారానికొకసారి సీసల మూత్రం తెచ్చి జయరాజ్‌కియ్యి."

పథ్యం అన్నాడు. మేము అక్కడే బోల్తాపడ్డాం. మా ఇండ్లలో పథ్యం అంటే జ్వరం వచ్చినవాడికి పెట్టేది. మెత్తగా ఉడికించిన తెల్లబువ్వ, మిరియాల చారు, మంచం దిగకుండా పండుకునుడు. వదినె పది దినాలు అన్నకు బువ్వ మెత్తగా పిసికి రోజుకు నాలుగుసార్లు పెట్టింది. చక్కెర వద్దన్నారు కాబట్టి చాయ్‌లో బెల్లం వేసింది. బెల్లం చలువ చేస్తుందని రెండు ముక్కలు ఎక్కువే వేసింది. నేను పక్కనే కూర్చొని, "మంచిగ జేస్తున్నవ్ వదినె" అన్నాను. ఆ వారం సీసా మొదటిసారి కంటే ముదురుగా తిరిగింది.

డాక్టరు బల్ల గుద్దాడు. "బువ్వ అంటే చక్కెరే. బెల్లం అంటే చక్కెరే. నిజాంసాగర్ నీళ్లు రాకముందు మీ అయ్య ఏం తింటుండెనయ్యా?"

"జొన్న రొట్టె."

"గదే పెట్టు."

ఇంటికొచ్చి చెబితే అన్న పళ్లెం నూకేశాడు. "బాపు పెండ్లినాడొక్కనాడు బువ్వ తిన్నడట. కాలువ నీళ్లొచ్చి, మళ్లు తడిసి, గిప్పుడు మనం రోజు తింటున్నం. మల్ల గరీబు తిండికి గుంజుకస్తున్నవారా నన్ను?"

"బతికుంటె ఏదన్న తినొచ్చు అన్నా."

"తినొద్దనే గదరా నువ్వు చెప్పవడితివి!"

వదినె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నేను నవ్వలేదు. డాక్టరు నా మీద పెట్టాడు. పెద్ద చదువు లేనివాడికి ఒక పని అప్పజెప్పితే వాడు దాన్ని ఎట్లా పట్టుకుంటాడో నన్ను చూస్తే తెలిసేది. పూటకు రెండు రొట్టెలని తేల్చాను. అన్న తింటుంటే ఎదురుగా కూర్చొని చెయ్యి ఎటు పోతుందో చూసేవాడిని.

తిండి కంటే నడక కష్టమైంది. మా దిక్కు మనిషి నడుస్తున్నాడంటే ఎక్కడికో పోతున్నట్టు. ఎక్కడికీ పోకుండా, చేతిలో ఏమీ లేకుండా, తూము దాకా పోయి ఊరికే తిరిగివచ్చేవాడు పిచ్చివాడు.

"ఎటు పోతున్నవ్ అని అడిగితె ఏం చెప్పాలెరా?" అన్నాడు అన్న మొదటిరోజు.

"తూము కాడికని చెప్పు."

"తూము కాడ ఏం పనంటె?"

"నడిచే పనని చెప్పు."

నడవగానే బండి కట్టాలి కాబట్టి నా చేతిలో ముల్లుగర్ర ఉండేది. అన్న ముందు, నేను వెనక. తూము కావలి భూమన్న మమ్మల్ని చూసి చుట్ట నోట్లోంచి తీశాడు.

"ఏం నర్సింలూ, కొత్త ఎద్దును గొన్నవా? పండ్లు చూసినవా మరి?"

"ముసలిది మామా. ఎవ్వలు గొనకుంటె నాకు తలిగింది."

"ఇద్దర్ని గిదే కాలువల ముంచుత!" అని అరిచాడు అన్న. అయినా నడిచాడు. మరునాడు గట్టు మీద ఆగితే, నిజంగానే ముల్లుగర్ర వెనక్కి తిప్పి నడుము మీద పొడిచాను. పెద్దన్నను. ఆయన వెనక్కి తిరిగి చూసిన చూపు నాకింకా తెలుసు. కానీ నడిచాడు. నాకు కావలసింది అదే.

ఇంట్లో ఒక సంగతి మాత్రం వదినె నా మాట వినలేదు. అన్న పళ్లెంలో రొట్టెల పక్కన పిడికెడు తెల్లబువ్వ పెట్టేది.

"గదెందుకు వదినె?"

"ఇంటాయన పళ్లెంల బువ్వ లేకుంటె ఎట్లుంటది నర్సింలూ? ముట్టడు తియ్యి. కండ్లకన్న కనవడాలె గద."

అన్న ముట్టేవాడు కాదు. ముట్టకుండా నేను కాపలా ఉన్నాను. ఆయన లేచిన తర్వాత అదే పళ్లెం ముందు వదినె కూర్చునేది. మిగిలిన ఆ బువ్వ, చుట్టాలు తెచ్చిన అరిసెలు, చేను వాళ్లు పంపిన కొత్తబెల్లం, అలవాటుకొద్దీ అన్నకని కలిపిన చాయ్, ఆయన తినగూడనివన్నీ ఆమె కడుపులోకే పోయేవి. అన్నం పారేస్తే పాపం. ఆడమనిషి మిగిలింది తినడం మా ఇండ్లలో ఎవరూ చూసే సంగతి కాదు. నేనూ చూడలేదు. తిన్న తర్వాత ఆమె ఒక చెంబు నీళ్లు తాగి, మళ్లీ ఇంకో చెంబు ముంచుకునేది.

"ఏందే వదినె, కూరల ఉప్పెక్కువైందా?"

"పొయ్యి సెగకు నోరు ఎండుతుందయ్యా" అనేది.

ప్రతి మంగళవారం చెరుకు బండి కట్టి బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయేవాడిని. సీసాను గడ్డిలో చుట్టి బండి ముందు పెట్టుకునేవాడిని. గేటు బయట బండ్ల బారు కోసెడు ఉండేది. వెనకబండి వాడికి ఎద్దులను చూడమని చెప్పి, సీసా పట్టుకొని డాక్టరు దగ్గరికి ఉరికేవాడిని. రంగు ఏమొచ్చిందో ఇంటికొచ్చి క్యాలెండరు మీద రాసేవాడిని. నాలుగో జమాత్ దాకా బళ్లో చదివిన ఉర్దూ ఆ పనికి సరిపోయింది. ఎరుపు. ఎరుపు. నారింజ. పసుపు. ఆరోవారం జయరాజ్ గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూపించాడు. గరికపచ్చ.

"ప్రభువు కృప, నీ ముల్లుగర్ర మహిమ" అన్నాడు.

అన్న వేలి మీద బొబ్బ ఎండి పొట్టు రాలింది. ఆ సాయంత్రం బండి మీద నిలబడి తోలుకుంటూ వచ్చాను. పుట్టిన తర్వాత నేను చేసిన పని ఒకటి సరిగ్గా కుదరడం అదే మొదలు. ఇంటికొచ్చి చెబితే వదినె నా పళ్లెంలో నెయ్యి పోసింది. ఆమె ముంజేతి గాజులు మోచేతి దాకా జారి, మళ్లీ కిందికి వచ్చాయి. చెరుకు కాలం, చాకిరీ ఎక్కువ, చిక్కింది అనుకున్నాను.

మాఘంలో మాక్లూరులో మా మేనమామ మనుమరాలి పెండ్లి వచ్చింది. అదేరోజు మా చెరుకు కొట్టడానికి ఫ్యాక్టరీ చిట్టీ వచ్చింది. నేను ఆగిపోయాను. అన్న, వదినె పోయారు. "లడ్డు ముట్టితె సూడు" అని అన్నతో పదిసార్లు చెప్పి బస్సెక్కించాను. మూడోనాడు తిరిగొచ్చారు. మంగళవారం పొద్దున వదినె ఎప్పటిలాగే సీసా తెచ్చి నా చేతికిచ్చింది. ఎందుకో నా మొహంలోకి చూడలేదు.

జయరాజ్ కాచిన గొట్టంలో ఇటుకపొడి తిరిగింది. మొదటిరోజు కంటే ముదురు.

ఫ్యాక్టరీలో బండి దింపి ఇంటికి ఎట్లా వచ్చానో నాకే తెలియదు. అన్న అరుగు మీద కూర్చొని ఉన్నాడు.

"మాక్లూరుల ఏం తిన్నవ్?"

అన్న తలదించుకున్నాడు. "రెండు లడ్లు. జర బువ్వ."

"రెండు లడ్లకు గింత ఎరుపు రాదు. మొదటి రోజు కంటె ఎర్రగుంది. నీ కాలు తీసేస్తరు అన్నా. తీసేసినంక నేను మొయ్యాలె నిన్ను. నా బతుకంత మొయ్యాలె."

అన్న మొహం పాలిపోయింది. వదినె వైపు చూశాడు. వదినె దర్వాజకు ఆనుకొని నిలబడి ఉంది. ఆ చూపుల్లో ఏముందో చూసే తీరిక నాకు లేదు. ఎవరు దొంగ అన్నదే నాకు కావాలి.

దొంగ మరునాడు పొద్దున్నే దొరికిందనుకున్నాను. పెరట్లో తడికె చాటున వదినె స్నానం చేసే బండ. ఆ బండ పక్కన, నీళ్లు పోయే కాలువ పొడుగునా, నల్లచీమలు. అన్న ఆ దిక్కు పోడు.

"వదినె! ఇటు రా. గీ చీమలేంది?"

ఆమె తడిచేతులతో వచ్చింది. చూసింది. వంగి మరీ చూసింది. చాలాసేపు చూసింది.

"ఈడ బెల్లం నీళ్లు పారవోసినవ్ గద? నాకు తెల్వకుంట చాటుకు తాపుతున్నవ్ ఆయనకు. గిన్నె ఈడ కడుగుతున్నవ్."

ఆమె లేచి నిలబడింది. నా మొహంలోకి చూసింది, మళ్లీ చీమలను చూసింది.

"ఔ నర్సింలూ. బెల్లం నీళ్లే" అంది.

"నువ్వే సంపుతవ్ మా అన్నను."

"సావనియ్య" అంది. చెంబుతో నీళ్లు ముంచి, బండ మీద కుమ్మరించి, చీమలన్నీ కొట్టుకుపోయేదాకా కడిగింది.

ఆ రోజు నుంచి అన్న మారాడు. ముల్లుగర్ర అవసరం రాలేదు. నేను లేవకముందే లేచి చెప్పులు తొడుక్కునేవాడు. తూము దాటి, ఆవలి వంతెన దాకా పోయి వచ్చేవాడు. పళ్లెంలో ఆ పిడికెడు బువ్వ కనిపిస్తే, "తీసెయ్, తీసెయ్" అని దూరం జరిగేవాడు. కాలు పోతుందన్న బుగులు ఆయన ఎముకల్లోకి దిగింది. అయినా మరుసటి వారం సీసా ఎరుపే. ఆ మరుసటి వారమూ ఎరుపే.

"మనిషెట్లున్నడే?" అని జయరాజ్ అడిగాడు.

"మంచిగున్నడు. వేలు మానింది. బరువు మోస్తున్నడు."

"సీస జూస్తెనేమొ మండుతుంది. గోలీలు పెంచాల్నంటె మనిషిని చూడాలె. ఒక్కపాలి తోల్కరా."

తీసుకుపోలేదు. ఎలక్షన్ల జీపులు తిరుగుతున్నాయి, కొట్టెటోళ్లు దొరకడం లేదు, చెరుకు ఎండిపోతుంది. వచ్చే వారం అనుకున్నాను. ఇంటికొచ్చి వదినెను ఇంకో నాలుగు మాటలన్నాను. రాను రాను ఆమెను తిట్టడం నాకు క్యాలెండరు మీద రాసే పనితో సమానమైంది. బెల్లం డబ్బాకు తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.  ఆమె మాత్రం మంగళవారం పొద్దున సీసా తెచ్చి ఇచ్చేది.

హోలీ ఇంకా పదిహేను రోజులుందనగా, చేనుకు సద్ది తెచ్చిన వదినె కొట్టేసిన మడిలోంచి అడ్డంగా నడిచింది. చెరుకు కొట్టిన తర్వాత మొదళ్లు బల్లెం మొనల్లాగా నిలబడి ఉంటాయి. ఒకటి మడమలో దిగింది. పసుపు పెట్టి గుడ్డ కట్టుకుంది. పసుపు పండే ఊళ్లో పసుపుతో మానని పుండు ఉండదని మా నమ్మకం. నాలుగు రోజుల తర్వాత కుంటుతుంటే చూశాను.

"ఏమైంది?"

"కొయ్య గుచ్చుకున్నది."

"సూసుకొని నడువొద్దా?" అన్నాను. అంతే అన్నాను. అన్న బొటనవేలి మీది బొబ్బను రోజూ రెండుసార్లు వంగి చూసిన వాడిని, ఆ గుడ్డ విప్పమని అడగలేదు.

తొమ్మిదోనాడు పొద్దున అన్న నడిచి వచ్చాడు. కాళ్లు కడుక్కొని కూర్చున్నాడు. రొట్టె రాలేదు. పొయ్యి వెలగలేదు. లోపలికి పోయి చూస్తే వదినె మంచంలో ఒళ్లు తెలియని జ్వరంతో ఉంది. గుడ్డ విప్పాను. మడమ నుంచి చీలమండ దాకా నల్లబడింది. వాసన కొట్టింది.

బండిలో గడ్డి పరచి బోధన్ తీసుకుపోయాం. డాక్టరు కాలు చూసి జయరాజ్‌కు ఏదో చెప్పాడు. కాసేపటికి జయరాజ్ గొట్టం కాచాడు. ఇటుకపొడి. నెల రోజులుగా నేను చూస్తున్న అదే ముదురు ఎరుపు.

జయరాజ్ జోకు వేయలేదు. గొట్టాన్ని చెక్కస్టాండులో పెట్టాడు.

"భోజన్నా, నువ్వు గూడ ఒక్కపాలి పోసి రా."

అన్నది కాచాడు. కాచినకొద్దీ నీలంగానే ఉంది, చక్కెర జాడే లేదు. ఎర్రది పక్కన నీలంది పెట్టాడు. రెండింటినీ చూసి, తర్వాత నన్ను చూశాడు.

"నర్సింలూ, గిన్ని రోజులు నువ్వు తెచ్చిన సీస ఎవరిదే?"

 అన్న గోడకు ఆనుకొని నెమ్మదిగా కిందికి కూర్చున్నాడు. లోపలి నుంచి డాక్టరు కేకేశాడు. "ఇక్కడ కాదు. నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీస్కపొండ్రి. ఇప్పుడే."

రైలు పెట్టెలో చెక్కబల్ల మీద పండుకోబెట్టాం. తల నా తొడ మీద ఉంది. అన్న ఆమె కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. జానకంపేట దగ్గర రైలు ఆగినప్పుడు ఆమెకు తెలివి వచ్చింది. నీళ్లు అడిగింది. తాగిన తర్వాత నేనేం అడగకముందే చెప్పింది.

"మాక్లూరు నుంచి వచ్చిన నాడు మీ అన్న బుగులు పడ్డడు. లడ్లు తిన్న, ఎరుపొస్తె తమ్ముడు తిడుతడు, నా సీసల నీది పొయ్యి అన్నడు. పోసిన. గది ఎర్రగైందని నువ్వొచ్చి మొత్తుకుంటివి. నాదే పోస్తివా అని ఆయన అడిగిండు. ఔ, అబద్ధమాడ నాకు చేతగాలె, నీదే పోసిన అని చెప్పిన. చీమలు జూసినంక నాకు గూడ గదే రోగమని సమజైంది."

"మరి తర్వాత వారం? మల్ల నీదే ఎందుకు పోసినవ్ వదినె?"

"ఎరుపు జూసి మనిషి దార్లవడ్డడు గద. పచ్చగైంది మంచిగైందంటె మల్ల తింటడు."

రైలు కదిలింది. పొలాలు వెనక్కి పోతున్నాయి.

"నీ సంగతి చెప్పొద్దా? నీకు రోగముందని నాకన్న చెప్పొద్దా?"

ఆమె పెదాల మీద నవ్వులాంటిది వచ్చింది. "ఒక్కరికి పథ్యం జేస్తెనే పొద్దు సాల్తలేదు నర్సింలూ. ఇద్దరికి ఎవరు జెయ్యాలె?" కొంచెం ఆగి, కండ్లు మూసుకొని అంది. "నా ఎనుక గూడ నడుద్దువా ముల్లుగర్ర వట్టుకొని?"

నడిచేవాడిని కాదు. ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఏ మొగోడూ నడవడు. ఏ ఆడమనిషీ ఊరి ముందర పనిలేకుండా గట్టు మీద తిరగదు. అన్న కిటికీ ఊచలు పట్టుకొని బయటికి చూస్తున్నాడు. ఆయన విన్నాడో లేదో నేను ఈ రోజు దాకా అడగలేదు.

దవాఖానలో కాలు తీస్తే బతకొచ్చేమో అన్నారు. మోకాలి పైదాకా తీశారు. నాలుగోనాడు పోయింది.

మూడోదినం పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లు ఇష్టంగా తినేవి వండి, కాల్చిన చోట విస్తరిలో పెడతాం. కాకి వచ్చి ముట్టితే వాళ్ల ప్రాణం తృప్తిపడ్డట్టు. సిరికొండ నుంచి వదినె అక్క వెంకటవ్వ వచ్చింది. పొయ్యి రాజేసి మమ్మల్ని ఇద్దరినీ పిలిచింది.

"ఏం వండాలె? మా చెల్లెకు ఏమిష్టముండె?"

నేను అన్నవైపు చూశాను. అన్న నావైపు చూశాడు.

"పెండ్లి గాకముందు ఇప్పపూలు ఏంచుకొని తింటుండె. మా అడివిల గవే దొరుకు. మీ ఇంటికొచ్చి ఇరవై మూడేండ్లాయె. ఈడ ఏం ఇష్టపడుతుండె?"

అన్న ఎన్ని రొట్టెలు తింటాడో నాకు తెలుసు. ఎంత పప్పు, ఎన్ని అడుగులు, ఏ వారం ఏ రంగు, అన్నీ తెలుసు. ఇరవై మూడేండ్లు వండిపెట్టిన మనిషి నాలుకకు ఏది బాగుంటుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"అన్ని తింటుండె" అన్నాడు అన్న.

"అన్ని అంటె ఏంది భోజన్నా?"

"ఏముంటె గది."

వెంకటవ్వ పొయ్యి ముందు కూర్చుంది. బువ్వ వండింది, పప్పు వండింది, కోడిని కోయించింది, పూర్ణం పెట్టి బచ్చాలు చేసింది. విస్తరి నిండా పెట్టాం. చింతచెట్టు మీద కాకులు ఉన్నాయి, అరుస్తున్నాయి. ఒక్కటీ దిగలేదు. "కల్లు పొయ్యిండ్రి" అన్నారొకరు. పోశాం. "చాపలు తినకపోవునా?" అన్నారు. ఎవరో పోయి చేపలు తెచ్చారు, కాల్చి పెట్టాం. "ఏదో మరిచిండ్రు, యాది చేసుకోండ్రి" అని ఒక ముసలామె అంటూనే ఉంది. యాది చేసుకోవడానికి మా దగ్గర ఏమీ లేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచారు. చివరికి వెంకటవ్వ విస్తరి తీసి ఆవుకు పెట్టింది.

అన్న అక్కడే కూర్చొని ఉన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. మోకాళ్ల మీద చేతులు సన్నగా వణుకుతున్నాయి. పొద్దున గోలీ మింగాడు, నోట్లో ఏమీ వేసుకోలేదు. గోలీ మింగి తినకుంటే అట్లా అవుతుందని డాక్టరు చెప్పి ఉన్నాడు.

"అన్నా, నీ రొట్టె యాళ్ల దాటిపోయింది" అన్నాను. "లేసి తిను."

అన్న లేచాడు. ఇంటికి పోయి, కాళ్లు చేతులు కడుక్కొని, రెండు రొట్టెలు తిన్నాడు.